తలా ఒక్క ప్యాకెట్టు

రవికాంత్ మా పెదనాన్న కొడుకు. అన్న వరసే అయినా వాడు అనే అంటాను. నేను అమ్మకానికి ఆరబెట్టిన అప్పడాల ఫొటోలు దొంగిలించి, ఆన్‌లైన్‌లో తన సరుకని అమ్ముకుంటున్నాడు. ఒక ఫొటోలో గాజులతో సహా నా చెయ్యే ఉంది. పైగా దేశమంతా డెలివరీ ఫ్రీ అట!

అడిగితే నవ్వాడు. "ఏటి వాసవీ, ఫొటో మీద నీ పేరు రాసుందేటి?"

బరంపురం పోస్టాఫీసులో దూరాన్ని బట్టి పెరిగిన కొత్త పార్సిల్ రేట్లు అంటించిన రోజే నేను నా ధరలు మార్చుకున్నాను. వాడికి ఆ సంగతి తెలీదు. పార్సిళ్లు పనివాళ్లతో పంపించి, నెలకోసారి వచ్చే బిల్లు మాత్రమే చూస్తాడు.

ఆ సాయంత్రమే మా కులంవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "ఢిల్లీ, సూరత్, గౌహతి, ఎంత దూరంలో ఉన్నా సరే, మా రవన్న దగ్గర అప్పడాలు కొనండి. తలా ఒక్క ప్యాకెట్టే. నలభై రూపాయలే. డెలివరీ ఫ్రీ."

మావాళ్లు ఫ్రీ అంటే ఆగుతారా?

నెల తిరిగేసరికి రవికాంత్ బిల్లు పట్టుకుని అంకులిలోని మా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"సరుకు కంటే పోస్టేజీయే ఎక్కువైపోనాది! ఈ ఆర్డర్లన్నీ నువ్వే సేయించావు కదా?"

గాజుల చెయ్యి నడుం మీద పెట్టుకున్నాను.

"ఏటన్నయ్యా, ఆర్డర్ల మీద నా పేరు రాసుందేటి?"