కయీరా బండి గొంతు

మసాకా ఊరి చుట్టుపక్కల లుబ్వామాకున్న పేరంతా ఆయన నోటివల్ల వచ్చిందే. అక్కడ పిల్లనడగడానికి వెళ్లినరోజు పెళ్లికొడుకు నోరు విప్పకూడదు, వాడి తండ్రి కూడా విప్పకూడదు. వాళ్ల తరఫున మాట్లాడటానికి ఒక మాటకారి ఉంటాడు. గేటు బయట నిలబడి, ఆడపిల్లవాళ్ల వెక్కిరింపులకు అంతకు రెండింతలు వెక్కిరించి, వాళ్లను నవ్వించి గేటు తెరిపించాలి. ఆ విద్యలో లుబ్వామా ఆరితేరినవాడు.

ఈసారి పెళ్లికొడుకు పరాయివాడు కాదు, స్వయానా చెల్లెలి కొడుకు ముత్యాబా. పిల్ల మేనత్త నకిట్టోకి ఈ సంబంధం మొదటినుంచీ గిట్టదు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు గేటు దగ్గర మాటకారి గొంతు వినపడకపోతే ఇంక రావద్దని ముందే కబురు పెట్టింది.

అలాంటప్పుడు తెల్లారగానే అందరితోపాటు వ్యానెక్కి పోవచ్చు కదా? పోడు. మాటకారి అందరికన్నా ఆఖర్న దిగితేనే గొప్పట. అరటిగెలల మధ్య, మేకల మధ్య ఇరుక్కుని కూర్చుంటే మడమలదాకా జారే ఆయన తెల్లటి కాంజూ అంగీ నలిగిపోదూ? అందుకని వాళ్లందరినీ ముందు పంపేసి, తీరిగ్గా టీ తాగి, బాడుగకు తిప్పే బోడా మోటార్‌సైకిళ్లు ఆగేచోటికి వచ్చాడు. అప్పటికి బేరం దొరక్క మిగిలింది కయీరా అనే కుర్రాడొక్కడే.

దొరక్కపోవడానికి కారణం బండి స్టార్ట్ చేయగానే తెలిసింది. పక్కనున్న మొక్కజొన్న పొత్తుల ఆవిడ రెండు చెవులూ మూసుకుని వాడి వంశాన్నంతా తిట్టింది.

"ఏంట్రా ఈ గోల? బండా, పిండిమరా?" అన్నాడు లుబ్వామా.

"కంపెనీ సైలెన్సర్ పీకించేశా పెద్దయ్యా! ఖాళీ గొట్టం బిగించా. ఇప్పుడు దీని బలం చూడండి!"

"గొట్టం మారిస్తే సరిపోతుందా? కార్బొరేటర్ సరిచేయించావా?"

"మెకానిక్ కూడా అదే పాట పాడాడు. గాలి ఎక్కువైపోతుందట, పెట్రోలు చాలదట, లోపల పెట్రోలు వదిలే జెట్ మార్చాలట. డబ్బు గుంజడానికి వాళ్లు ఎన్నయినా చెబుతారు. శబ్దం వినండి పెద్దయ్యా, శబ్దం!"

శబ్దం పెరిగితే బలం పెరిగినట్టేనని ఆ స్టాండులో కుర్రకారు అందరికీ గట్టి నమ్మకం. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా గొట్టంలోంచి టపటపా పేలుతుంటే, అది ఇంజిన్ ఏడుపని తెలియక చప్పట్లు కొట్టే బాపతు. కయీరా అయితే పీకేసిన సైలెన్సర్ని ఇంట్లో కోళ్లగూటికి గడియగా పెట్టేశాడు. ఆ సైలెన్సర్ దాని జన్మలో తెలివైనవాడి చేతిలో పడలేదు, పాపం.

వేరే గతిలేక లుబ్వామా ఎక్కాడు. ఎక్కినవాడు నోరు మూసుకుని కూర్చుంటే ఈ కథే లేదు. బుద్ధి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నీకు చెవులిచ్చిన దేవుడు వాటి మధ్యలో ఏమీ పెట్టడం మర్చిపోయాడ్రా!"

"ఏంటి పెద్దయ్యా? గట్టిగా చెప్పండి, వినపడట్లా!"

గట్టిగా చెప్పాడు. బండి అంతకంటే గట్టిగా చెప్పింది. ఆయన ఇంకాస్త గొంతు పెంచాడు. వెక్కిరింపులో ఎవరిచేతా ఓడిపోనివాడు ఒక గొట్టం చేతిలో ఓడిపోతాడా? దారి పొడుగునా దుమ్ము మింగుతూ, తిడుతూ, తిట్టిందే మళ్లీ తిడుతూ పోయాడు.

పిల్లవాళ్ల ఊరు కొండమీద. ఎక్కుడు మొదలయ్యేసరికి గొట్టం మెడ నీలంగా మారింది, కాళ్లకు సెగ కొట్టింది. సగం ఎక్కాక ఇంజిన్ ఒక్కసారి కీచుమని, ఠక్కున పట్టేసింది. కయీరా కిక్ మీద ఎగిరి తొక్కాడు. కిక్ కదల్లేదు.

"అదీ నీ బలం!" అన్నాడు లుబ్వామా. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

వదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడని కయీరా బండిని తోసుకుంటూ బయల్దేరాడు. లుబ్వామా వడివడిగా ముందు నడిచిపోవచ్చు. కానీ ముందుకుపోతే తిట్టడానికి మనిషి ఉండడు కదా! అందుకని వాడి పక్కనే నడుస్తూ, ఎండలో, ఎక్కుడంతా తిట్టాడు.

గేటు దగ్గర ముత్యాబా చెమటతో తడిసి, పెదవులు బిగించి నిలబడి ఉన్నాడు. పొద్దు సరిగ్గా నెత్తిమీద ఉంది. గేటు అవతలినుంచి నకిట్టో పలికింది.

"బావగారూ, మీ బండి కేకలు మాకు కొండ కిందనుంచే వినపడ్డాయి. మధ్యలో చచ్చినట్టుందే! ఏదీ, మీ గొంతయినా బతికుందా?"

ఇలాంటి మాట కోసమే లుబ్వామా పుట్టాడు. జవాబు నాలుక చివరే ఉంది. ఛాతీ విరుచుకుని నోరు తెరిచాడు. బుస్సుమని గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే.

ముత్యాబా మొహంలో నెత్తురు చుక్కలేదు. వాడు మాట్లాడితే తప్పు, మాట్లాడకపోతే పిల్ల దక్కదు.

"మాట్లాడే మనిషే లేడా? అయితే వచ్చిన దారినే వెళ్లిరండి నాయనా," అంది నకిట్టో, సంతోషం దాచుకోకుండా.

లుబ్వామా చటుక్కున కయీరా కాలరు పట్టి లాగి వాడి చెవిలో గుసగుసలాడాడు. కయీరా తలూపాడు. రోజూ ఆ గొట్టం మోతను మించి అరిచి అరిచి రాటుదేలిన గొంతు వాడిది. ఆ అరుపుకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

"మాటకారి వచ్చాడమ్మా! పిల్లనడగడానికి వచ్చాం!"

"మరి ఇంత ఆలస్యమేం?"

లుబ్వామా మళ్లీ చెవి కొరికాడు. కయీరా ఒక్క క్షణం ఆయనకేసి చూసి గేటువైపు తిరిగాడు.

"వంతెన కూలిందని చెప్పమంటున్నారు పెద్దయ్య. వంతెన బాగానే ఉందమ్మా! బుద్ధిలేక నా బండి సైలెన్సర్ పీకి గొట్టం పెట్టించా. ఇంజిన్ సరిచేయించకుండానే తిప్పా. అది పట్టేసింది. నన్ను తిట్టీ తిట్టీ పెద్దయ్య గొంతు కూడా పట్టేసింది. పిల్లాడు మాత్రం పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాడు, వాడి తప్పేం లేదు!"

గేటు అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే పందిరంతా ఘొల్లుమంది. నకిట్టో కూడా చెయ్యి నోటికి అడ్డంపెట్టుకుంది.

"ఈ గేటు ముందు నిజం చెప్పిన మాటకారిని నేనింతవరకూ చూళ్లేదు. తియ్యండర్రా!"

గేటు తెరుచుకుంది. ముత్యాబా కళ్లు తుడుచుకుంటూ లోపలికి నడిచాడు. మాటకారి కోసం వేసిన దిండు కుర్చీలో నకిట్టో కయీరాని చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. వచ్చేనెల మా అన్న కొడుక్కి పిల్లనడగడానికి నువ్వే రావాలి నాయనా అని కూడా అంది. వెనకాల చాపమీద చోటు దొరికిన లుబ్వామాకి, పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అనని తిట్టు ఒకటి గొంతుదాకా వచ్చింది. ముందుకు వంగి, నరాలు ఉబ్బేలా, ఉన్న బలమంతా పెట్టి అన్నాడు.

కయీరా వెనక్కి తిరిగి, ఎంతో వినయంగా చెవి దగ్గర చెయ్యిపెట్టాడు.

"ఏంటి పెద్దయ్యా? గట్టిగా చెప్పండి, వినపడట్లా."