ఆయనలోకి వచ్చినావిడ

"ఒంట్లో ఎవరో పొయ్యి వెలిగించి, ఆర్పకుండా వెళ్ళిపోయినట్టుందే," అన్నాడు ఆయన.

ఆమె ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతోంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుడ్డ మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు. బయట చలి కొరికేస్తోంది, ఆమె స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఉంది. ఆయనేమో బనీను విప్పి పారేసి, ముఖం కందగడ్డలా చేసుకుని, చెమటతో తడిసి మంచం అంచున కూర్చున్నాడు. ఆమెను ఆపింది ఆ చెమట కాదు, ఆ మాట. అది ఆమె మాట. మూడేళ్ళ కిందట, నెలసరి ఆగిపోతున్న రోజుల్లో, ఇదే మంచం అంచున కూర్చుని ఆయనతో అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా. ఇంకెవరితోనూ అనలేదు. అప్పుడాయన పేపర్లోంచి తలెత్తకుండానే, "ఆడవాళ్ళందరికీ వచ్చేదేగా, దానికింత కథెందుకు?" అని, చిన్నగా దగ్గాడు. ఇక మాట్లాడేదేమీ లేదని ఆయన వేసే ముద్ర ఆ దగ్గు.

"ఆ మాట ఎక్కడ విన్నారు?" అంది.

"వినడమేమిటి? మండుతోంది మొర్రో అంటుంటే!"

ఆయన బళ్ళ బ్రేకులూ లైట్లూ పరీక్ష చేసి సర్టిఫికెట్టు ఇచ్చే ఇన్‌స్పెక్టరు. వీధిలో అందరూ చాటుగా బ్రేకాయన అంటారు. ఇంట్లో ఆయన మాటకు తప్ప అందరి మాటకీ బ్రేకు పడేది. ప్రోస్టేట్‌లో క్యాన్సరని తేలాక, పెద్దాస్పత్రి డాక్టరమ్మ ఒక పరిశోధనలో చేరతారా అని అడిగింది. రేడియేషన్ ఒక్కటే చాలా, దానితోపాటు మగ హార్మోనును అణిచే ఇంజెక్షన్లు కూడా ఇస్తే మేలా అన్నది వాళ్ళు తేల్చుకోవాలనుకుంటున్నారు. ఎవరు ఏ గుంపులో పడాలో కంప్యూటరు చెబుతుంది. ఆయన్ని ఇంజెక్షన్ల గుంపులో వేసింది. "ఆ హార్మోనే కణితికి మేత. దాన్ని కొన్నాళ్ళు ఆపేస్తాం. ఒంట్లో ఆవిర్లొస్తాయి, మనసు బేలగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి," అని డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. ఇంట్లోవాళ్ళంటే ఎవరో డాక్టర్లందరికీ తెలుసు.

ఇల్లంతా ఆయన చెమట చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అత్తగారు పాత పత్రిక పట్టుకుని కొడుక్కి విసిరేది. "మెల్లగా నడు అమ్మాయ్, వాడికిప్పుడే కన్ను మూతపడింది," అనేది. మూడేళ్ళ కిందట ఆ పెద్దావిడే, "మా రోజుల్లో ఇవన్నీ ఎరుగుదుమా? పనిలో పడితే అవే పోతాయి," అంది. ఆమె పనిలోనే పడింది. కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుని, కరెంటు పోయినవాళ్ళ తిట్లన్నీ చెవిలో పోసుకుంటూ, చీర వీపుకి అంటుకుపోతున్నా కుర్చీలోంచి కదిలేది కాదు.

రేడియేషన్ మొదలయ్యాక, పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఆఫీసుకి పరిగెత్తేది. మిషను మీద పడుకునే ముందు ఆయన సీసాడు నీళ్ళు తాగి, ఉచ్చబుడ్డ నిండేదాకా బిగబట్టుకోవాలి. నిండితేనే పేగులు పక్కకి జరిగి కిరణాల దెబ్బ తప్పించుకుంటాయట. "ఇంకొంచెం సార్, ఇంకొంచెం. శభాష్, చక్కగా ఆపుకున్నారు!" అని నర్సులు చిన్నపిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకునేవాళ్ళు. ఆమెకు నవ్వొచ్చేది. ఆఫీసులో ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి సూపర్వైజరు సొరుగులో ఉండేది. వెళ్ళి అడిగితే గోడ గడియారం చూసి, "మళ్ళీనా మేడమ్?" అనేవాడు. ఇన్నేళ్ళు బిగబట్టుకున్నందుకు ఒక్కడూ శభాష్ అనలేదు.

వెయిటింగ్ హాల్లో ఆమె పక్కన ఒక టీచరమ్మ కూర్చునేది. గొంతు పక్కన క్యాన్సరు. మెడంతా కమిలి నల్లబడింది, లాలాజలం ఎండిపోయి మాటిమాటికీ గుక్కెడు నీళ్ళతో గొంతు తడుపుకునేది. మగ రోగులందరి పక్కనా భార్యలుండేవాళ్ళు. టీచరమ్మ పక్కన తన సంచీ ఒక్కటే ఉండేది. ఒకరోజు ఆయన మిషను గదిలోంచి ఆస్పత్రి గౌనుతోనే బయటికొచ్చి, నడవాలో గోడ పట్టుకుని అటు తిరిగి నిలబడితే, టీచరమ్మ బొంగురు గొంతుతో, "మీ అక్కగారు కూడా వస్తున్నారా?" అని అడిగింది.

"ఆయన మావారు," అంది ఆమె. అని, తనూ చూసింది. ఆ వంగిన భుజం, నడుము మీద పెట్టిన చెయ్యి, అరికాలు ఎత్తి రెండో కాలికి రుద్దుకోవడం, అన్నీ తనవే.

ఆ తర్వాత ఎటు చూసినా అదే. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పెరటి గేటు తీసేసరికి, మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. మెడ మీద తడి తువ్వాలు, గోడనే చూస్తున్న కళ్ళు. తనే. తనకంటే ముందు తనే ఇంటికొచ్చి కూర్చున్నట్టు. గేటు కిర్రుమన్నాక ఆ తల తిరిగితే ఆయన. లోపల్నుంచి అత్తగారు, "అమ్మాయ్, ఆ మెట్ల మీద ఎంతసేపే? లోపలికి రా," అని పిలిచింది. ఆమె గేటు దగ్గరే ఉందని ఆవిడకు తెలియదు. ఆ పిలుపుకి ఆయన, "ఆఁ, వస్తున్నా," అని లేచాడు.

అన్నింటికంటే ఆమెను భయపెట్టింది ఒక ఆదివారం. కూర తరుగుతోంది. ఆయన వచ్చి, కారణమేమీ లేకుండా, తలుపు చాటున నిలబడి ఏడుస్తున్నాడు. "ఊరికే ఏడుపొస్తోంది. ఎవరికీ నేను అక్కర్లేదనిపిస్తోంది," అన్నాడు. ఆమె తలెత్తలేదు. "వయసు మీద పడ్డాక ఎవరికైనా ఉండేదేగా. దానికింత కథెందుకు?" అంది. అని, చిన్నగా దగ్గింది. ఆ దగ్గు వినగానే కత్తి వదిలేసింది. గొంతు తనది, దగ్గు ఆయనది. పైగా ఆ మాట నోట్లో ఎంత తియ్యగా ఉందని! ఎవరైనా ఎందుకు వదులుకుంటారు దాన్ని?

లేచి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది.

నీళ్ళు తాగి, ఆయన, "నీకూ ఇలాగే ఉండేదా?" అన్నాడు.

"ఊఁ."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు పేపరు చదువుకుంటున్నారు."

ఆయన అరచేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "ఎలా భరించావు?"

"భరించలేదు. మీరు చూడలేదంతే."

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ స్నేహితురాళ్ళయ్యారు. ఇంకే మాటా దానికి సరిపోదు. ఆమె ఇంటికి వచ్చేసరికి ఆయన టీ నీళ్ళు పెట్టి ఉంచేవాడు. మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, ఒకరికి ఆవిరి వస్తే రెండోవాళ్ళు విసిరేవాళ్ళు. తాళంచెవి సంగతి చెప్తే ఆయన ఉక్రోషంతో ఏడ్చి, "సిగ్గులేనివాడు! వాడి చేత సీసాడు నీళ్ళు తాగించి సొరుగులో పెట్టి తాళం వెయ్యాలి," అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. పెళ్ళయ్యాక అంతలా నవ్విన గుర్తు లేదు. రాత్రి పడుకునేముందు ఒక్కోసారి ఆయన ముఖంలోకి చూసి, ఈవిడ ఎవరు, ఇన్నాళ్ళూ ఎక్కడుంది, అనుకునేది. భయం పోలేదు. కానీ ఆ భయానికి ఆమె అలవాటు పడింది, చీకటిగదిలో ఇంకో మనిషి ఊపిరికి అలవాటు పడ్డట్టు.

కోర్సు అయిపోయింది. ఇంజెక్షన్లు ఆపేశారు. కణితి లొంగిందని డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది. "హార్మోను మెల్లమెల్లగా తిరిగొస్తుంది. మామూలు మనిషైపోతారు."

మెల్లమెల్లగానే వచ్చింది. ముందు గడ్డం గరుకెక్కింది. చెమటలు తగ్గాయి. టీ నీళ్ళు పెట్టడం మానేసి, టీ అడగడం మొదలైంది. మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చుని పిలిస్తే, "వార్తలొస్తున్నాయి, ఉండవే," అని లోపల్నుంచి కేక. ఒకరోజు ఆమె ఆఫీసు కబురు ఏదో చెప్తుంటే మధ్యలోనే రిమోటు కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆమె ఒడి మీదుగా, అక్కడెవరూ లేనట్టు వెళ్ళింది.

ఆఖరిసారి పరీక్షకు వెళ్ళినప్పుడు, పరిశోధన చూసుకునే నర్సు ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఆ నెలల్లో ఎలా ఉండేది సార్ అని అడిగింది.

"పెద్ద ఇబ్బందేం లేదమ్మా. అప్పుడప్పుడు కాస్త ఉక్కపోత," అన్నాడు ఆయన. అబద్ధం చెప్తున్నవాడిలా లేడు. నిజంగానే అంతే గుర్తుంది.

నర్సు ఆమె వైపు తిరిగింది. "మీకెలా అనిపిస్తోందమ్మా? సార్ పూర్తిగా మునుపటిలా అయిపోయారా?"

"అయిపోయారు," అంది ఆమె. "మరి నాతో ఉన్నావిడకి ఏమైంది?"

నర్సు ఫైలు మీద పేరు మళ్ళీ ఒకసారి చూసుకుంది. ఆయన గట్టిగా నవ్వేసి, "మా ఆవిడకి వేళాకోళం ఎక్కువలెండి," అన్నాడు.

బస్సెక్కాక ఆ నవ్వు లేదు. "ఏమిటా పిచ్చిమాటలు, నలుగురిలో? ఎవరావిడ? ఎవరి గురించి నువ్వనేది?"

ఆమె ఆయన ముఖం వెతికింది. కళ్ళలో, నోటి చివర, గడ్డం కింద. ఎంత వెతికినా ఆ ముఖంలో ఒక్క మనిషే ఉన్నాడు, ఆరోగ్యంగా, జవాబు కోసం విసుగ్గా చూస్తూ. చనిపోయినవాళ్ళ కోసమైతే ఏడవడానికి నలుగురు వస్తారు. ఈవిడ పోయిందని ఎవరికి చెప్పాలి?

తన చెల్లెలి ఇంటికి వెళ్ళే మలుపు దగ్గర బస్సు ఆగింది. ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది.

"మన స్టాపు ఇంకా రాలేదు," అన్నాడు ఆయన.

"మీది రాలేదు," అంది ఆమె, మెట్టు మీద కాలు పెట్టి. "ఆవిడెవరో గుర్తొచ్చిన రోజు కబురు పెట్టండి. వస్తాను."