ఉసిళ్ళు తిన్న చేపలు

నాలుగో చేప పొట్టలోనూ ఏమీ లేదు. ఆమె పేగును బొటనవేలితో నొక్కి చూసి, బకెట్లో పడేసి, ఐదోదాన్ని తోక పట్టుకుని సిమెంటు దిమ్మ మీదికి లాగింది. మోచేతుల దాకా పొలుసులు అతుక్కుని ఉన్నాయి. ఆయాసం వచ్చినప్పుడల్లా కత్తి ఆపి, నోటితో నాలుగుసార్లు గాలి పీల్చుకుని మళ్ళీ కోస్తోంది.

జ్వరంతో మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ చేపలు శుభ్రం చేసిన తోటికోడలు పేగులన్నీ పిల్లులకు విసిరేసింది. ఆ మూడు రోజులూ పడవ దాదాపు ఖాళీగానే వచ్చింది. ఈ ఉదయం పడ్డవి తొమ్మిదే. సాయంత్రం కూడా ఇంతే అయితే, రేపటి నుంచి పడవ ముందు కూర్చుని ఎటు పోవాలో చెప్పేది ఆమె భర్త కాదు, మరిది అని పడవవాళ్ళు తేల్చేశారు.

చెరువులో చేప ఎక్కడుందో కనిపెట్టడంలో ఆమె భర్తకు పెద్ద పేరు. 'నీటికళ్ళు' అనేవారు అతన్ని. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు, చేప కడుపులో నత్తగుల్లలు కనిపించాయనీ, నత్తలుండేది రాళ్ళరేవు దగ్గరే కదా అనీ ఆమె మాటవరసకి అంది. మర్నాడు అతను వల అక్కడే వేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా, పడవెక్కే ముందు మంచినీళ్ళ వంకతో దిమ్మ దగ్గరికి వచ్చి నిలబడతాడు. ఆమె చెబుతుంది. బయట ఎవరికీ తెలియదు. వాళ్ళిద్దరూ కూడా ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఎంతసేపక్కా, ఒక్కో పేగూ పిసుకుతా కూర్చుంటావు? ఉంగరం దొరుకుతుందనా?" అంది తోటికోడలు.

"దొరికితే నీకే ఇస్తాలే. నా వేలికి ఎక్కదు."

ఐదోదాని పొట్ట ఉబ్బి ఉంది. చీరగానే సన్నటి రెక్కలు, తడిసిన ఉల్లిపొరల్లా, వేళ్ళకు అంటుకున్నాయి. ఆరోదాంట్లోనూ అవే. ఉసిళ్ళు. రోజూ సాయంత్రం పూట వాన పడి వెలుస్తోంది. వాన వెలిశాక ఉసిళ్ళు లేచేది పుట్టలున్న గట్టు నుంచే.

భర్త వచ్చి గ్లాసు ముంచుకున్నాడు.

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఉసిళ్ళు తిన్నాయి. పుట్టల గట్టుకి పో."

"మోకాల్లోతు నీళ్ళలో వలేంటే? నవ్వుతారు."

"నవ్వనీ. వల బరువెక్కితే వాళ్ళే ఆపుతారు."

అతను సగం తాగి, మిగిలిన నీళ్ళు ఆమె మోచేతి మీద పోశాడు. కొన్ని పొలుసులు జారిపోయాయి.

పడవ వెళ్ళాక మిగతా మూడూ కోసింది. దిమ్మ కడిగింది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టి, వంటింటి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. తోటికోడలు తలకింద దిండు పెట్టి, గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది. వాన వచ్చి వెలిసింది. దీపం పెట్టే వేళకు లేపబోతే, చెయ్యి చల్లగా తగిలింది.

పడవ అంచు నీటికి బెత్తెడు పైన ఉండగా ఒడ్డుకు వచ్చింది. "నీ కళ్ళు అమ్ముతావా అన్నయ్యా?" అంటున్నాడు మరిది తెడ్డు వేస్తూ. చీలమండల లోతు నీళ్ళలో తన భార్య నిలబడి ఉండడం చూసి తెడ్డు ఆపాడు.

"బావగారూ, అక్క నిద్రపోతోందనుకున్నాను," అంది తోటికోడలు.

జనం వచ్చారు. కొంతసేపటికి మరిది అన్న పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడు అడక్కూడదు గానీ అన్నయ్యా. మనిద్దరం వెళ్ళకపోయినా పడవ వెళ్తుంది. రేపు ఎటు పొమ్మనమంటావు?"

"చెప్తాను," అని అతను లేచి పెరట్లోకి నడిచాడు.

దిమ్మ చివర చిన్న స్టీలు గిన్నె ఉంది. పిల్లులు ముట్టకుండా పైన మూత, మూత మీద రాయి. చివరి చేప కడుపులోవి ఆమె నీళ్ళలో వేసి, అతనికి చూపించాలని ఉంచినట్టుంది. నాలుగు నల్లటి గింజలు, ఒక ఎర్రటి పీచుముక్క. అలాంటివి ఏ గట్టున కాస్తాయో అతనికి తెలియదు. గిన్నెను వెలుతురు వైపు వంచాడు. గింజలు ఒక పక్కకు జారాయి. నిలబెడితే మళ్ళీ మెల్లగా అడుగుకు చేరాయి.