వేడి తగిలిందా?

మా గదిలో బల్ల మీద పడుకున్నవాళ్లలో నిజం చెప్పినవాళ్లు తక్కువ. తిట్టినట్టుంటే ఉండనివ్వండి, నా నోట్లో నువ్వుగింజ నానదని మా తమ్ముడు ఊరికే అనడు.

టైలరు దుకాణం పైన అద్దెకు తీసుకున్న గది అది. ఒంటికి ఆనకుండా జానెడు ఎత్తున చేతులు పట్టి, ఎదుటి మనిషికి శక్తి ఎలా పంపాలో అక్కడ నేను నేర్పుతాను. ఒకరు పడుకుంటారు, ఒకరు పంపుతారు. చివర్లో పంపినవాళ్లు ఒక్కసారే అడగాలి, "వేడి తగిలిందా?" అని. పడుకున్నవాళ్లు కళ్లు మూసుకునే "తగిలింది, హాయిగా ఉంది" అంటారు. చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో కూర చప్పగా ఉన్నా బాగుందంటాం కదా, అలాగన్నమాట. నా చేతుల్లో ఏదో ఉందనే నేను నమ్ముతాను. కానీ ఆ జవాబుల్లో సగం మొహమాటమని కూడా నాకు తెలుసు.

మేమంతా ఇస్త్రీ అమ్మాయి అని పిలిచే ఒకామె లాండ్రీలో పని ముగించుకుని నేరుగా క్లాసుకి వచ్చేది. మొదటిరోజు ఆమె చేతుల కింద పడుకున్న రిటైరైన మాస్టారు ఉలిక్కిపడి, "ఇవేం చేతులమ్మా, కుంపటిలా ఉన్నాయి" అన్నారు. ఇక అందరికీ ఆమె చేతులే కావాలి.

"పొద్దుట్నుంచీ ఇస్త్రీపెట్టె పట్టుకున్న చేతులు వెచ్చగా ఉండక మంచుగడ్డల్లా ఉంటాయా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ నా మాట చెవికెక్కించుకోలేదు.

ఎక్కించుకోకపోవడానికి కారణముంది. ఆమె భర్త బస్సు డ్రైవరు. కడుపునొప్పి అంటే, గొట్టం వేసి చూడాలి, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడట డాక్టరు. ఆస్పత్రి మానొద్దని నేను అందరికీ చెప్పే మాటే ఆమెకీ చెప్పాను. తలూపింది. వచ్చినప్పుడల్లా మాత్రం ఒకటే మాట.

"రోజూ చేతులు పెడుతున్నానక్కా. తగ్గిందంటున్నాడు."

"పరీక్ష ఎప్పుడు?"

"తగ్గుతుంటే ఇంకెందుకులే అంటున్నాడు."

నాకు ఒళ్లు మండింది. "రేపు ఆయన్ని వెంటబెట్టుకురా" అన్నాను.

వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ప్యాంటు జారకుండా బెల్టుకి కొత్తగా మేకుతో చిల్లు పొడుచుకున్నాడు. బల్ల మీద పడుకోగానే ఆమె అతని కడుపు మీదుగా చేతులు పట్టింది. నేను కాళ్ల దగ్గర నిలబడ్డాను. చివర్లో ఆమే అడిగింది.

"వేడి తగిలిందా?"

"తగిలింది. బాగా తగ్గింది" అన్నాడు. అంటున్నంతసేపూ కాలివేళ్లు బిగించే ఉంచాడు.

ఆమెను మంచినీళ్లు తెమ్మని కిందికి పంపాను.

"ఏమయ్యా, నిజంగా తగ్గిందా?"

"ఏ రోజూ తగ్గలేదక్కా."

"మరి ఈ అబద్ధాలేంటి?"

"డాక్టరు ఆ మాట అన్నప్పట్నుంచి అది ఒకటే ఏడుపు. మీ దగ్గర ఇది నేర్చుకున్నాకే ఆపింది. రోజంతా నిలబడి పనిచేసొచ్చి, కాళ్లు లాగుతున్నా నా పక్కన కూర్చుంటుంది. అంత ఆశగా అడుగుతుంటే లేదని ఎలా చెప్పమంటారు? మీరూ చెప్పకండి."

నాకు కోపం వచ్చింది. అతని మీద కొంచెం, ఆ ప్రశ్న నేర్పిన నా మీద ఎక్కువ.

ఆమె నీళ్లతో వచ్చింది. "మళ్లీ చేతులు పట్టి, మళ్లీ అడుగు" అన్నాను.

"రెండోసారి అడగకూడదన్నారుగా అక్కా?"

"నేనే చెప్తున్నా, అడుగు."

అడిగింది. అతను నా వైపు చూశాడు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"నీ చేతులు వెచ్చగానే ఉంటాయే" అన్నాడు భార్యతో. "నొప్పి మాత్రం అలాగే ఉంది. మొదట్నుంచీ."

ఆమె చేతులు గాలిలోనే ఉండిపోయాయి. కాసేపటికి వాటిని దించి, మొదటిసారి అతని కడుపుమీద ఆనించింది. "లే, ఆస్పత్రికి పోదాం" అంది.

వెళ్లారు. ముందే రావలసిందన్నారు అక్కడ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. వానలు మొదలవకముందే అతను పోయాడు.

ఆ తర్వాత గదిలో అందరికీ చెప్పాను, వేడి తగలకపోతే లేదనే చెప్పాలని. మాస్టారు మొదటిసారి "లేదు" అన్నారు. ఇద్దరు అలిగి మానేశారు. మంచిదే.

ఒకరోజు సాయంత్రం క్లాసయ్యాక గది తుడుస్తుంటే ఇస్త్రీ అమ్మాయి వచ్చింది. నేరుగా బల్ల ఎక్కి పడుకుంది. చీపురు పక్కన పడేసి, చేతులు కడుక్కుని ఆమె ఛాతీ మీదుగా పట్టాను. నాకు తెలిసిందంతా, నా దగ్గర ఉందనుకున్నదంతా పంపాను. భుజాలు లాగేదాకా పంపాను. అడగడానికి భయమేసింది. అయినా అడిగాను.

"వేడి తగిలిందా?"

"లేదక్కా" అంది.

నేను చేతులు వెనక్కి తీసుకోబోయాను.

"తియ్యొద్దు" అంది కళ్లు తెరవకుండానే. "అలాగే ఉంచు."