చైర్మన్ గారి తలాపు

పొద్దున్నే చలిలో హెస్టర్ పెరటి చివర గుంట తవ్వుతోంది. పక్కనే మరుగుదొడ్డి బకెట్, దాని మీద కప్పిన పాత గోనెపట్టా. నిన్నటి గుంట ఎక్కడుందో గుర్తుపెట్టుకుని తవ్వాలి. గురి తప్పితే ఆ పూట తిండి సహించదు.

ముళ్లకంచె అవతల డోర్కాస్ గారడ్ ఇంట్లో మరుగుదొడ్డి గొలుసు లాగిన చప్పుడు, వెంటనే నీళ్లు గలగలమన్న చప్పుడు వినిపించాయి. కాసేపటికి డోర్కాస్ కంచె మీంచి తొంగి చూసింది.

"ఏం హెస్టరూ, చైర్మన్ గారి రాత్రి ఉపన్యాసం పాతిపెడుతున్నావా?"

"ఉపన్యాసమైతే ఇంత గుంట ఏం సరిపోతుందే?" అంది హెస్టర్, పార దులుపుతూ.

డోర్కాస్ ఇల్లు కార్‌ఫర్డ్ పట్టణంలో ఉంది. హెస్టర్ ఇల్లు వెన్‌స్టో గ్రామీణ జిల్లాలో ఉంది. మధ్యలో ఉన్నదల్లా ఆ కంచె. పట్టణం వాళ్లు వేసిన మురుగు గొట్టం కంచెదాకా వచ్చి, పిలవని పేరంటానికి వెళ్లకూడదని తెలిసినదానిలా ఆగిపోయింది. పిలవాల్సింది గ్రామీణ జిల్లా కౌన్సిల్. దానికి చైర్మన్ హెస్టర్ భర్త ఆంబ్రోస్ థర్కెటిల్. ఆయన పిలవలేదు. కారణం చరిత్ర.

కంచె పక్కన భూమి కింద, ఒకప్పుడు ఇంగ్లండ్‌ని ఏలిన సాక్సన్ రాజుల నాటి సరిహద్దు కందకం ఉందని ఆంబ్రోస్ కనిపెట్టాడు. అది ఎవరికీ కనిపించదు. అంత పాతదన్నమాట అంటాడాయన. వెయ్యేళ్ల కందకానికి అడ్డంగా మురుగు గొట్టమా అని ఆయన సభలో కళ్లు తుడుచుకుంటే, సభ్యులంతా లేచి నిలబడ్డారు. తర్వాత ఇళ్లకు వెళ్లి, భార్యలు బకెట్లు మోస్తుంటే కిటికీలోంచి చూస్తూ టీ తాగారు. ఆంబ్రోస్ జిల్లా చరిత్ర కూడా రాస్తున్నాడు. హెస్టర్ పెళ్లయి ఈ ఇంటికి వచ్చేసరికి ఆ పుస్తకంలో సముద్రం అవతలి డేన్లు దండెత్తి ఇంగ్లండ్ తూర్పు తీరానికి చేరారు. ఇప్పటికీ పడవలు కట్టేస్తూనే ఉన్నారు.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో పైనుంచి జిల్లాల హద్దులు సవరించే పని వచ్చిపడింది. హద్దు రోడ్డు వెంట పోనిస్తే గొడవుండదన్నారు అధికారులు. ఆంబ్రోస్ రైలెక్కి వెళ్లి, రోడ్డు నిన్నమొన్నటిది, కందకమే అసలు హద్దు అని గంటల తరబడి వాదించాడు. భోజనాల వేళ దాటిపోతోందని వాళ్లు ఒప్పుకున్నారు. జిల్లాని కాపాడానని ఆయన పొంగిపోతూ తిరిగొచ్చాడు.

ఆ తర్వాత ఎవరో పటం మీద గీత గీసి చూశారు. కందకం తిన్నగా ఆంబ్రోస్ ఇంట్లోంచే పోతోంది. వంటగది జిల్లాలో, పడకగది పట్టణంలో.

మరి ఇంట్లో మనిషి ఎక్కడివాడు? ఆ ప్రశ్నకు జవాబు ఆంబ్రోసే ఎప్పుడో చెప్పి ఉంచాడు. ఎన్నికల్లో తనకు పోటీగా నిలబడిన ఒక కమ్మరి ఇల్లు కూడా ఇలాగే హద్దు మీద ఉంటే, "రాత్రి తల ఎక్కడ వాలితే మనిషి అక్కడివాడు! ఇది తాతల నాటి ఆచారం!" అని గర్జించి, అతణ్ని పక్క జిల్లాకు సాగనంపాడు. తాతలు ఆ మాట ఎప్పుడన్నారో ఎవరూ అడగలేదు. అప్పటినుంచీ అదే ఆచారం.

పట్టణం మనిషి గ్రామీణ జిల్లాకు చైర్మన్‌గా ఉండటం కుదరదు. అందుకని ఆంబ్రోస్ ఇనపమంచం వంటగదిలోకి ఈడ్పించాడు. చోటు చాలక అక్కడి బల్ల బయట వానలో తడుస్తోంది. హెస్టర్ మంచం చుట్టూ తిరుగుతూ వంట చేస్తోంది. ఇంటాయన పట్టణం మనిషని తేలితే ఇల్లూ పట్టణం లెక్కలోకి పోతుంది, గొట్టం కంచె దాటి వస్తుంది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. బకెట్ ఎత్తినప్పుడల్లా తనలో తానే అనుకునేది.

ఆమె చేతులు కడుక్కుని లోపలికొచ్చేసరికి ఆంబ్రోస్ కిటికీ వైపు తలగడలు సర్దుతున్నాడు.

"ఆ దుప్పటి ముడతలు తియ్యి హెస్టర్. హద్దుల అధికారి వచ్చే వేళైంది. నువ్వు మాత్రం నోరు మెదపకు. చరిత్ర నేను చూసుకుంటా."

"అలాగే చైర్మన్ గారూ. టీ నేను చూసుకుంటా."

పాస్క్ అనే ఆ అధికారి జలుబుతో, బురద బూట్లతో వచ్చాడు. బయటినుంచి టేపుతో కొలుచుకుంటూ వచ్చి, వంటగది నేల మీద సుద్దగీత గీశాడు. గీత అలమర దగ్గర మొదలై, పొయ్యిని తప్పించుకుని, మంచం కిందకి దూరింది.

"మీ కందకం ఇక్కడ వంకర తిరిగిందండీ," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"వెధవలు, తిన్నగా తవ్వడం కూడా చేతకాలేదు," అని ఆంబ్రోస్ మొట్టమొదటిసారి సాక్సన్లను తిట్టాడు.

మంచంలో కిటికీ వైపు సగం జిల్లాలో పడింది. పొయ్యి వైపు సగం పట్టణంలో పడింది. ఆంబ్రోస్ వెంటనే తేరుకున్నాడు.

"తలగడలు చూడండి. తలాపు జిల్లాలోనే ఉంది. కాళ్లు పట్టణంలోకి పోతే పోనివ్వండి. ఓటు కాళ్లకు లేదుగా!" అని తనే నవ్వాడు.

పాస్క్ మాటవరసకు హెస్టర్ వైపు తిరిగాడు. "అంతేనా అమ్మా? రోజూ అటే తల పెట్టుకుంటారా?"

ఓటింగుకు ముందు కొత్త సభ్యుల వైపు చూసే చూపు చూశాడు ఆంబ్రోస్. అవునంటే చాలు. ఆ మాట హెస్టర్‌కు కొత్త కాదు. పెళ్లినాడు చర్చిలో మొదలుపెట్టి అంటూనే ఉంది. టీ వంచుతున్న చేతుల వైపు చూసుకుంది. ఎంత కడిగినా గోళ్లలో మట్టి పోలేదు.

"పగలు అటేనండీ," అంది.

"పగలా?"

"ఎవరన్నా వచ్చినప్పుడు. పడుకునేప్పుడు తలగడలు పొయ్యి వైపుకి మార్చేసుకుంటారు. కిటికీ సందులోంచి ఈదురుగాలి కొడుతుంది. ఆయన బట్టతల తట్టుకోలేదు పాపం."

"హెస్టర్!"

"పాలు కాస్త ఎక్కువ పొయ్యమంటారా?" అని ఆమె పాస్క్‌ని అడిగింది.

"పొయ్యండి. మరి ఆయన కాళ్లు?"

"కాళ్లు జిల్లాలోనే ఉంటాయండీ. ఉన్ని మేజోళ్లు తొడుక్కుంటారు."

పాస్క్ తుమ్మాడో నవ్వాడో తెలియలేదు. "అయితే తల పట్టణంలో ఉన్నట్టే. ఇల్లూ అటే. ఆచారం మీరు పెట్టిందేనట కదండీ."

"చలికాలం లెక్కలోకి రాదు!" అని అరిచాడు ఆంబ్రోస్. "చరిత్రలో ఎక్కడా—"

"కమ్మరిని పంపించింది జనవరిలోనే," అంది హెస్టర్, టీ కప్పు అందిస్తూ. "మంచు కురుస్తోంది కూడా."

ఆంబ్రోస్ నోరు తెరిచాడు. సాక్సన్లు రాలేదు, డేన్లు రాలేదు, ఏ రాజూ సాయానికి రాలేదు. నేల మీది సుద్దగీత వైపు చూశాడు. హెస్టర్ వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు. ఆయన మేకుకు తగిలించిన టోపీ తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. మంచానికీ గోడకీ మధ్య పక్కకు తిరిగి ఇరుక్కుంటూ వెళ్లి, తలుపు తీసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయాడు.