దొరసాని రాసిన కార్డు

సౌభాగ్యమ్మ కార్డు తెచ్చి చేతికిచ్చేసరికి గిద్యోను పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాడు. అర్ధవీడు దగ్గరి ఆ పల్లెలో మిషన్ బడి అయ్యవారు అతనే, ఇంగ్లీషు ముక్క వచ్చినవాడూ అతనే. ఆమె కూతురు పుష్పమ్మ విషజ్వరంతో మిషన్ ఆసుపత్రిలో చేరి మూడు వారాలైంది.

కార్డులో ఆసుపత్రి దొరసాని ఇంగ్లీషులో రాసినవి మూడే వాక్యాలు. పుష్పమ్మ సోమవారం 'పిక్డ్ అప్'. దేవునికి స్తోత్రం. వచ్చి తీసుకుపొండి.

పిక్ అంటే ఏరడం. అప్ అంటే పైకి. గిద్యోను ఆ రెంటినీ కలిపి చూసుకున్నాడు. ప్రభువు ఏరుకుని పైకి తీసుకున్నాడనేగా?

"ఏమని రాసినారు అయ్యవారా?"

"రాత సరిగా తెలీడంలేదక్కా. కంభం స్టేషనుకు పోయి అడిగొస్తా."

ఆమె అతని మొహంలోకి ఒకసారి చూసి, ఇంటికి వెళ్లిపోయింది.

గిద్యోను బడి వదిలేసి ఎండలో కంభం దారి పట్టాడు. దారిలో నాలుగుసార్లు కార్డు తీసి చదివాడు. చనిపోతే 'డైడ్' అని రాయొచ్చుగా అనుకున్నాడు. అంతలోనే, దొరసానులు ఆ కబురు మెత్తగా చెబుతారేమో అనిపించింది. చెట్టు కింద కూర్చోబోయి, కూర్చోలేక మళ్లీ నడిచాడు.

స్టేషన్లో టికెట్లిచ్చే వెంకటస్వామి ఆ మాట చూసి నవ్వాడు.

"దీనికి శానా అర్థాలున్నాయబ్బా. బండి జనాన్ని ఎక్కించుకుంటే పిక్ అప్. ఆగిన బండి జోరందుకున్నా పిక్ అప్పే. పోలీసోళ్లు దొంగను పట్టుకపోయినా అదే."

"జబ్బు మనిషినైతే?"

"తేరుకుందని. నువ్వేమనుకుంటివి?"

గిద్యోను కార్డు లాక్కుని వెనుదిరిగాడు. తిరుగు దారంతా సగం నడక, సగం పరుగు.

పల్లె ఇంకా రాకముందే ఏడుపులు వినబడ్డాయి. సౌభాగ్యమ్మ వాకిట్లో కూలబడి తల బాదుకుంటోంది. చుట్టూ ఆడవాళ్లు.

"పుష్పమ్మ బాగైంది! తోలుకపొమ్మని రాసినారు!" అని దూరం నుంచే అరిచాడు.

ఆమె లేచి వచ్చి అతని చొక్కా పట్టి గుంజింది. "తెలీకుంటే తెలీదని చెప్పగూడదా? నీ మొగం జూసి బిడ్డ పోయిందనుకుంటి. పొద్దున్నించి దాన్ని సంపి పెట్టినావు గదయ్యా!"

"తెలీదక్కా," అన్నాడు గిద్యోను. "నాకా మాట తెలీదు." పదేళ్లుగా ఆ పల్లెలో అతని నోట ఎవరూ వినని మాట అది.

ఆమె చొక్కా వదిలేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రేపు నువ్వూ రా. ఆడ దొరసానితో మాట్లాడాల గదా."

"నాకు అర్థం కాకపోతే?"

"మళ్లీ అడుగుదాంలే," అంటూ కూతురి కోసం ఉతికిన చీర వెతకడానికి లోపలికి పోయింది.