కుర్చీ పక్కన తాతయ్య

రెండువేల ఏడు, శ్రావణమాసం. ఆ ఆదివారం భవానీపురం ఇంట్లో ఉన్నది బాబాయి భానుచందర్, పిన్ని రాజ్యశ్రీ, నేను, కారుకి రంగు వేసిన లాల్ అహ్మద్ గారు. టిఫిన్లయ్యాక, కారు కొనడానికి హైదరాబాదు నుంచి పిచ్చేశ్వరరావు గారని ఒకాయన వచ్చారు. ఇంకొకరు కూడా ఉన్నారు గానీ ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. ఆయన మా తాతయ్య అంకమ్మరావు. పోయి నాలుగేళ్ళయింది. పిన్ని బీరువాలో చీరల కింద ఉన్నాడు.

ఉన్నది ఫోటో. తాతయ్యకి జీవితం మొత్తానికి అదొక్కటే ఫోటో. చేనేత సొసైటీ వాళ్ళు శాలువా కప్పిన రోజున తీశారు. భుజాల మీద శాలువా, కుడిచెయ్యి పక్కనున్న కుర్చీ వీపు మీద. ఏళ్ళ తరబడి మగ్గం మీద అటూ ఇటూ పోగు నడిపే నాడె విసిరిన వేళ్ళు కదా, కుర్చీ మీద కూడా నాడె పట్టుకున్నట్టే వంగి ఉంటాయి. పామర్రు దగ్గర మా ఊళ్ళో ఆ ఫోటో మగ్గం పైన గోడకి ఉండేది. వేసవిలో బాబాయి వచ్చి, పెద్దది చేయించి తెస్తానని తీసుకెళ్ళాడు. అప్పట్నుంచి మా నాయనమ్మ శుక్రవారం శుక్రవారం ఆ ఖాళీ మేకుకే పువ్వు పెడుతోంది. నేను ఇంటర్ చదవడానికి బాబాయి ఇంటికి బయల్దేరిన రోజున బస్సు దగ్గర ఆమె నాకు చదువు గురించి ఏమీ చెప్పలేదు. "వచ్చేటప్పుడు మీ తాతని తీసుకురా" అంది.

నాకు మాట్లాడటం కష్టం. ఒక మాట అడగాలంటే రెండు రోజులు లోపల్లోపల అనుకుంటే గానీ బయటికి రాదు. మొదటిసారి అడిగినప్పుడు స్టూడియో అతను ఇంకా ఇవ్వలేదన్నాడు బాబాయి. తర్వాత అడిగితే అతను ఊళ్ళో లేడన్నాడు. ఇంకోసారి, స్టూడియో వేరేచోటికి మార్చారన్నాడు. అన్నీ నిజమే కావచ్చు. కానీ చెప్పే ముందు ప్రతిసారీ పిన్ని వైపు చూశాడు. ఆ చూపు సంగతి డైరీలో రాసుకున్నాను.

బాబాయిది పాత కార్ల వ్యాపారం. పాడుపడ్డవి కొని, ఆటోనగర్‌లో బాగుచేయించి, ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టి అమ్ముతాడు. ఈ ఫియట్ కారు నేను వచ్చిన వారంలోనే ట్రాక్టరు మీద వచ్చింది. దానికి తలుపులు లేవు. అవి ఇంకోరోజు వచ్చాయి, కొన్ని ఆకుపచ్చవి, కొన్ని తెల్లవి. ఇంజను ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చూడలేదు. లాల్ అహ్మద్ గారు అన్నిటినీ కలిపి ఒకే బూడిదరంగు వేశారు. అద్దంలా మెరిసింది. తీరా మర్నాడు చూస్తే ఆయనే ఎమెరీ కాగితంతో తలుపుల పిడుల చుట్టూ ఆ మెరుపంతా రుద్దేస్తున్నారు. అర్థం కాక నిలబడి చూశాను. ఆయన తలెత్తలేదు.

"నేను రంగే వేస్తానమ్మా. వయసు మీ బాబాయి వేయిస్తాడు" అన్నారు.

ఆ సాయంత్రం పిన్ని టీ డికాక్షన్ కాచి గిన్నెతో ఇచ్చి, కారు లోపల పైన కొత్తగా కుట్టించిన గుడ్డకి దూదితో అద్దమంది. మా ఇంట్లో నేసిన చీరకి గంజి పెడతారు, కొత్తది ఇంకా కొత్తగా కనిపించాలని. కొత్తగుడ్డని పాతది చెయ్యడం నేనెక్కడా చూడలేదు. చెప్పినట్టే అద్దాను. ఏళ్ళ తరబడి పట్టాల్సిన మరక ఆరేలోపే పట్టేసింది.

ఆ తర్వాత నాకు ప్రతిదీ అనుమానంగానే కనిపించింది. నేను ముందుగదిలోకి వస్తే బాబాయి కంప్యూటర్లో చూస్తున్నది మార్చేసేవాడు. ఒకరోజు ఫోన్లో ఎవరితోనో, మా ఫాదర్ కొన్న బండండీ, ఇంకో చెయ్యి మారలేదు, పెయింటు కూడా కంపెనీదే అంటున్నాడు. బాబాయి వాళ్ళ ఫాదర్ అంటే తాతయ్యే. తాతయ్యకి సైకిలు కూడా లేదు. చీరల మూట భుజాన వేసుకుని పామర్రు దాకా నడిచి వెళ్ళేవాడు. బహుశా పిన్ని వాళ్ళ నాన్నగారి గురించి అంటున్నాడేమోనని సరిపెట్టుకోబోయాను. పిన్ని వాళ్ళ నాన్నగారు ఆర్టీసీ కండక్టరు.

ఆదివారం పొద్దున్నే పిన్ని నన్ను లంగావోణీ వేసుకోమంది. తనే జడ వేసి కనకాంబరాలు పెట్టింది. పెళ్ళిచూపులేమోనని భయంగా పిన్ని వైపు చూశాను. అది కనిపెట్టి పిన్ని నవ్వింది.

"నిన్ను చూడ్డానికి ఎవరూ రావట్లేదులేవే. కారు చూడ్డానికొస్తున్నారు. కాఫీ ఇచ్చి అక్కడే నుంచో."

"ఏమన్నా అడిగితే ఊఁ అను, చాలు," అన్నాడు బాబాయి. "నువ్వెట్టాగూ మాట్లాడవుగా. మాట్లాడని పిల్లని లోకమంతా నమ్ముద్ది."

పిచ్చేశ్వరరావు గారిది గుడివాడేనట, హైదరాబాదులో స్థిరపడ్డారట. పాత కార్లంటే ప్రాణమనీ, ఇంటి నిండా అవేననీ బాబాయి ముందే చెప్పాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి మీసం. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. తలుపులన్నీ తీసి వేసి, వేసేటప్పుడు చప్పుడు విన్నారు. లోపల కూర్చుని పైగుడ్డని వేలితో రాసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. బానెట్ ఎత్తించారు గానీ సరిగా వంగనైనా లేదు. లాల్ అహ్మద్ గారు కారు స్టార్టు చేస్తే, చాలు ఆపమన్నారు. కార్లంటే ప్రాణమన్న మనిషి, అంత దూరం నుంచి వచ్చి, ఇంజను అంత తొందరగా చూడటం నాకు నచ్చలేదు. బాబాయి మాత్రం పిన్నికి కనుసైగ చేశాడు. వాళ్ళు లోపలికొచ్చి కూర్చున్నాక నేను ముందుగదిలోకి కాఫీ తీసుకెళ్ళాను.

ఆయన ప్లాస్టిక్ కవరులోంచి ఇంటర్నెట్ ప్రకటన ప్రింటు తీసి బల్ల మీద పరిచారు. అందులో తాతయ్య ఉన్నాడు.

శాలువా అదే. మొహం అదే. కుర్చీ లేదు. కుర్చీ ఉండాల్సిన చోట ఈ ఫియట్ కారు ఉంది. తాతయ్య చెయ్యి దాని బానెట్ మీద ఉంది. పెళ్ళి ఫోటోల్లో పోయినవాళ్ళని పక్కన నిలబెట్టి ఇచ్చే స్టూడియోలు ఉంటాయని నాకు తెలుసు. మా వీధిలోనే ఒకరింట్లో అట్లాంటి ఫోటో ఉంది. కానీ ఇక్కడ వేళ్ళు మాత్రం వాళ్ళు మార్చలేకపోయారు. కారు మీద కూడా నాడె పట్టుకున్నట్టే ఉన్నాయి.

"ఈయన మీ తాతగారేనామ్మా?" అని అడిగారు పిచ్చేశ్వరరావు గారు.

"ఆఁ" అన్నాను.

అది నిజం. బాబాయి మొహం వెలిగిపోయింది. నన్ను లంగావోణీ వేసి ఎందుకు నిలబెట్టారో అప్పుడు తెలిసింది. వాళ్ళకి నా నోటి నుంచి అబద్ధం అక్కర్లేదు. ఈ ఒక్క నిజం చాలు, మిగతాది దాని పక్కన వాళ్ళే నిలబెట్టుకుంటారు.

"నిన్ను ఈ కార్లో తిప్పేవారా మరి?"

తిప్పకేమండీ, ఒళ్ళో కూచోబెట్టుకుని స్టీరింగు పట్టిచ్చేవారు అంటూ పిన్ని అందుకుంది. నేను సాసరు వైపు చూస్తూ ఉండిపోయాను. లోపల రెండు రోజులు అనుకోకుండా నేను మాట్లాడిన మొదటి మాటలు ఇవే అయి ఉంటాయి.

"మా తాతయ్య మగ్గం నేసేవారండీ. మాకు కారు లేదు. ఆ ఫోటోలో కుర్చీ ఉండాలి."

పిన్ని నా జబ్బ గట్టిగా పట్టుకుంది. చిన్నపిల్లండీ, దానికేం తెలుసు అని బాబాయి నవ్వబోయాడు. పిచ్చేశ్వరరావు గారు కోప్పడతారనీ, లేచి వెళ్ళిపోతారనీ, ఇక తాతయ్యతో వాళ్ళకి పని ఉండదనీ అనుకున్నాను. ఆయన తాపీగా కాఫీ తాగారు.

"భానుచందర్ గారూ, ఆ తలుపులు ఈ బండివి కాదు. ఇంజనూ దీంది కాదు. పైన గుడ్డ టీ వాసనొస్తంది. ఇవన్నీ నాకక్కర్లేదండీ. నేను దీన్ని ఇంకోళ్ళకి అమ్ముకోవాలి. వాళ్ళు కొనేది కారు కాదు, మీ నాన్నగార్ని."

బాబాయి బల్ల మీది ప్రింటు వైపు చూశాడు.

"అయితే కుర్చీ ఉన్న ఫోటో ఒకటుందన్నమాట," అన్నారాయన, నా వైపు చూసి. "అది తెలవటం మంచిదైంది. అది కూడా నాకిచ్చెయ్యండి."

"అదెందుకండీ మీకు?"

"అది బయట ఉంటే ఇది అబద్ధమేగా. రేపెవడో రెండూ పక్కపక్కన పెడతాడు. ఇస్తే బండి ఇప్పుడే తీసుకెళ్తా. ఇవ్వకపోతే మీ కాఫీ బాగుంది, వెళ్ళొస్తా."

గుమ్మంలో నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న లాల్ అహ్మద్ గారు తుడుచుకోవడం ఆపారు. బాబాయి వైపు కాసేపు చూశారు. తర్వాత చెప్పులేసుకుని, తన డబ్బాలు కూడా తీసుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయారు.

బాబాయి కింద నేలకేసి చూస్తున్నాడు. తాతయ్యకి తలకొరివి పెట్టింది మా నాన్నయినా, అందరికంటే ఎక్కువ ఏడ్చింది బాబాయే. అందుకని నాకు ఆశ ఉంది. పిన్ని బొడ్లో తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. బాబాయి లేచి పడగ్గదిలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

ఫోటో చీరల కింద నుంచి కలరా ఉండల వాసనతో వచ్చింది. స్టూడియో అతను ఇవ్వలేదన్న ఫోటో. ఎన్నాళ్ళుగా అక్కడుందో. నేను రోజూ ఆ బీరువా ముందే జడ వేసుకుంటున్నాను.

"బాబాయ్, అది నాయనమ్మది" అన్నాను.

"మా నాన్న కాదా? నీకు తాత కాకముందే నాకు నాన్న."

"నాయనమ్మకేం చెప్పను?"

అతను ఆగాడు. ఫ్రేము మీది దుమ్ము లుంగీ అంచుతో తుడిచాడు. కుర్చీ, కుర్చీ మీది చెయ్యి స్పష్టంగా కనిపించాయి. ఇక ఇవ్వడనే అనుకున్నాను. ముందుగదిలోంచి పిన్ని, ఆయన లేస్తన్నారండీ అని పిలిచింది.

"కారుతో ఉన్నదే పెద్దది చేయించి పంపిద్దాం," అన్నాడు బాబాయి. "అమ్మకి కళ్ళు మసకేగా. కారు కనపడదు, నాన్న కనపడతాడు. నువ్వు చెప్పకపోతే ఆవిడకేం తెలుసుద్ది?"

నేను ఫ్రేము అంచు పట్టుకున్నాను. నా చేతులు నాకే కొత్తగా అనిపించాయి. బాబాయి లాక్కోలేదు, కసరలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీశాడు, చిన్నప్పుడు పలక తీసుకున్నట్టు. తాతయ్యని చంకలో పెట్టుకుని నడిచాడు. నేనూ పడగ్గది గుమ్మం దాకా వెళ్ళాను. పిచ్చేశ్వరరావు గారు కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాచారు. ఆ చేతిలోకి వెళ్ళబోయే ముందు ఫోటో ఒకసారి నా వైపు తిరిగింది.

"అది ఇవ్వొద్దు బాబాయ్" అన్నాను, ఈసారి గట్టిగానే.

ఫోటో ఆ చేతిలో పెట్టేసి బాబాయి వెనక్కి వచ్చాడు. నా మొహం చూడకుండా, పడగ్గది తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి వేశాడు.